ఒళ్ళు ఫోర్డుది... గుండె షెవర్లేది!

రాత్రివేళ. దీపాలార్పుకుని ఒక పోలీసు కారు పొంచి వుంది. ఒక కుర్రాడు నేలమీద పాక్కుంటూ వెళ్ళి, ఆ కారు వెనక ఇరుసుకి ఇనప తాడు కొక్కెం తగిలించి వచ్చేస్తాడు. తాడు రెండో కొస కదలని చోట కట్టి వుంది. ఇంతలో ఆకతాయి మూక కారొకటి పోలీసుల ముందునుంచి రయ్యిమని దూసుకుపోతుంది. ఇన్‌స్పెక్టరుగారు సైరను వేసి ఒక్క వూపున బయలుదేరతాడు... కారు ముందుకెళ్ళింది. వెనక చక్రాలు రెండూ ఇరుసుతో సహా అక్కడే వుండిపోయాయి!

హాల్లో ఎన్నిసార్లు పడినా ఈ షాటుకి ఈల పడకుండా వుండదు. పిక్చరు పేరు 'అమెరికన్ గ్రాఫిటీ'. 1973లో వచ్చింది. డైరెక్టరు జార్జ్ లూకాస్. ఔను, తరవాత 1977లో 'స్టార్ వార్స్' తీసిన లూకాసే. సుమారు 7,75,000 డాలర్లతో, 1972 వేసవిలో, చాలావరకు రాత్రి తొమ్మిది దాటాక మొదలుపెట్టి తెల్లవారేలోగా ముగించుకుంటూ తీసిన సినిమా ఇది. కథ కూడా ఒక్క రాత్రిదే. 1962 వేసవి చివర, కాలిఫోర్నియాలో మొడెస్టో అనే వూళ్ళో నలుగురు కుర్రాళ్ళ కథ.

ఈలేసిన చెయ్యి నోట్లోంచి తియ్యకముందే నా పక్క సీటు కుర్రాడు అడిగాడు: "అన్నా, నిజంగా అట్లా వూడొస్తుందా?"

వూడొచ్చే వస్తువే తమ్ముడూ! ఆ జమానా కార్లలో వెనక ఇరుసు అంటే ఒకే ముక్క. మధ్యలో గుండ్రటి హౌసింగు, అందులో క్రౌనూ పినియనూ, అటొక షాఫ్టు, ఇటొక షాఫ్టు, రెండు కొసల్లో బ్రేకు డ్రమ్ములు. దాన్ని కారుకి పట్టి వుంచేవి రెండు కమాను కట్టలు, వాటిమీద నాలుగు 'యూ' బోల్టులు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, బ్రేకు పైపు వూడదీసి, ఆ బోల్టులు తీసేస్తే ఇరుసు మొత్తం షెడ్డులో నేలమీద దొర్లుతుంది. సినిమాలో తాడు చేసిన పని మెకానిక్కు స్పానరుతో చేస్తాడు, అంతే తేడా.

ఇరుసు అంత తేలిగ్గా వూడొస్తుంది గనకనే ఇవాళ్టి మన కథ వుంది. ఆ సినిమాలో అసలు హీరో ఎవరని అడిగితే రిచర్డ్ డ్రైఫస్ అంటారు కొందరు, రాన్ హోవార్డ్ అంటారు కొందరు. నేను మాత్రం ఆ పసుప్పచ్చ కారు అంటాను. జాన్ మిల్నర్ అనే కుర్రాడు, పాల్ లెమాట్ వేశాడా వేషం, రాత్రంతా వూరి వీధుల్లో తిప్పే కారు. 1932 మోడల్ ఫోర్డు కూపే. రెండు తలుపులు, అయిదు కిటికీలు, టాపు కోసి కిందకి దించేశారు. ముందు చక్రాలమీద మోటారు సైకిలుకుండే లాంటి బుల్లి మడ్‌గార్డులు. ఇంజను దాపరికం లేకుండా బయటికే కనపడుతూ వుంటుంది. నంబరు ప్లేటుమీద టీహెచ్ఎక్స్ 138. లూకాస్ తీసిన మొదటి పెద్ద చిత్రం పేరులోంచి ఒక అంకె తీసేసి పెట్టుకున్నాడు, తన మొదటి బిడ్డ పేరు చేతిమీద పొడిపించుకున్నట్టు.

చూసినవాళ్ళందరూ దాన్ని ఫోర్డు అంటారు. కానీ నిజం చెప్పమంటారా? అందులో ఫోర్డు చర్మం మాత్రమే. ఇంజను షెవర్లేది. వెనక ఇరుసు షెవర్లేది. గేరు బాక్సు బోర్గ్ వార్నర్ వాళ్ళది. ఎన్.టి.ఆర్. పెదవి కదిపితే ఘంటసాల గొంతు వినపడేది చూడండి... అదీ సంగతి! మనం ప్లేబాక్ కి అలవాటు పడ్డవాళ్ళం గనక ఇందులో మోసమేమీ కనపడదు. పైగా ఇంకో తమాషా. పోటీదారు బాబ్ ఫాల్ఫా వేషం వేసినవాడు హారిసన్ ఫోర్డ్. అప్పటికింకా పేరు రాలేదు. ఫోర్డ్ అనే ఇంటిపేరున్న ఆయన 1955 మోడల్ నల్ల షెవర్లే నడుపుతాడు. ఇటు ఫోర్డు కారేమో షెవర్లే గుండెతో పరుగెడుతుంది!

అసలు ఫోర్డుకి ఏం తక్కువై దాని గుండె తీసి పారేశారు? తక్కువేం లేదు. 1932లో హెన్రీ ఫోర్డు సామాన్యుడి కారులో ఎనిమిది సిలిండర్ల 'వి-8' ఇంజను పెట్టి లోకాన్ని గగ్గోలెత్తించాడు. 221 క్యూబిక్ అంగుళాలు, అంటే మూడున్నర లీటర్ల పైచిలుకు. 65 గుర్రాల శక్తి. మన అంబాసిడరు ఇంజను ఎన్నో ఏళ్ళపాటు ఒకటిన్నర లీటరు దగ్గరే వుందని గుర్తుంచుకోండి. అయితే ఆ ఫోర్డు ఇంజనులో వాల్వులు సిలిండర్ల పక్కన, బ్లాకులోనే వుంటాయి. కాలిన పొగ బయటికి రావాలంటే ఆ బ్లాకు మధ్యలోంచే దారి. దాంతో ఒళ్ళంతా వేడి. ఎండలో గట్టిగా తోలితే రేడియేటరు ఆవిరి కక్కేది.

యుద్ధం అయ్యాక దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు ఈ పాత ఫోర్డుల్ని కారుచౌకగా కొని, బరువు తగ్గించటానికి మడ్‌గార్డులు పీకేసి, ఎండిపోయిన సరస్సుల నేలమీద పందాలు పెట్టుకునేవారు. వాటికే 'హాట్ రాడ్' అని పేరు. 1948లో ఆ పేరుతోనే ఒక పత్రిక కూడా వచ్చింది. కొన్నేళ్ళు ఫోర్డు ఇంజనుకే నగిషీలు చెక్కారు. 1955లో షెవర్లే వాళ్ళు కొత్త వి-8 తెచ్చారు. 265 క్యూబిక్ అంగుళాలు, మామూలు రకమే 162 గుర్రాలు! వాల్వులు పైన, పొగ దారి బయట, వేడి అదుపులో. రెండు మూడేళ్ళలో ఎవడో ఒకడు అలాంటి కారుని చెట్టుకి గుద్దటం, ఇంజను బాగానే వుండటం, తుక్కు యార్డులోంచి అది చవగ్గా దొరకటం... ఇంక ఆగుతారా కుర్రాళ్ళు? పాత ఫోర్డు ముందర నిలబడి తల గోక్కోవటం మొదలుపెట్టారు.

ఎందుకంటే, ఇంజను మార్చటమంటే బల్బు మార్చటం కాదు. షెవర్లే ఇంజనుకి డిస్ట్రిబ్యూటరు వెనక వుంటుంది. సరిగ్గా డ్రైవరు ముందున్న రేకుగోడకి తగులుతుంది. గోడనైనా కొట్టి లోపలికి గుంట చెయ్యాలి, ఇంజననైనా ముందుకి జరపాలి. ముందుకి జరిపితే ఫాను రేడియేటరుకి తగులుతుంది. ఎడంవైపు ఎగ్జాస్టు గొట్టం స్టీరింగు బాక్సుతో సిగపట్లకి దిగుతుంది. కూర్చోబెట్టే దిమ్మలు కొత్తగా వెల్డు చెయ్యాలి. సరే, ఇవన్నీ ఓపికుంటే అయిపోయే పనులు.

అసలు చిక్కు వెనకనుంచి వస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఇది. ఆ కాలపు ఫోర్డులో ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనపడదు. పొడుగాటి ఇనప గొట్టంలో దాక్కుని వుంటుంది. ఆ గొట్టం వెనక్కొస ఇరుసుకి బోల్టులతో బిగించి వుంటుంది, ముందు కొస గేరు బాక్సు దగ్గర గుండ్రటి గిన్నెలాంటి కీలులో కూర్చుంటుంది. చక్రాలు నేలని తన్నినప్పుడు వచ్చే తోపుడంతా ఈ గొట్టంగుండానే వచ్చి బండిని ముందుకు నెడుతుంది. పైగా వెనక కమాను ఒక్కటే, అదీ అడ్డంగా. ఫోర్డుగారు 1948 దాకా ఈ పద్ధతి వదలలేదు.

ఇప్పుడు గేరు బాక్సు మార్చారనుకోండి. కొత్తదాని వెనక ఆ గిన్నె కీలు లేదు. గొట్టం ఎక్కడ కూర్చోవాలి? కాబట్టి గొట్టం పోవాలి. గొట్టం పోతే దాన్ని అంటుకుని వున్న పాత ఇరుసూ పోవాలి. ఒకవేళ ఏదో అతుకేసి పాత ఇరుసునే వుంచినా, 65 గుర్రాల కోసం పోతపోసిన పళ్ళమీద మూడొందల గుర్రాలు దూకితే అవి ఎన్నాళ్ళుంటాయి? పచ్చదీపం పడగానే 'టక్'మని ఒక చప్పుడు. ఇంజను అరుస్తూ వుంటుంది, బండి మాత్రం కదలదు. చూసేవాళ్ళు నవ్వుతారు. మనవాళ్ళు మేనల్లుడికి పిల్లనిస్తే మేనత్త కూడా ఇంట్లో దిగుతుందంటారే, అట్లా ఇంజను మారిస్తే ఇరుసు కూడా వెంట రావాల్సిందే.

అందుకనే పసుపు కూపేకి 1957 మోడల్ షెవర్లే ఇరుసు తెచ్చి పెట్టారు. అది మరీ వెడల్పు కాదు, బక్కపల్చటి పాత ఒంటికింద ఇమిడిపోతుంది. ఇంకో సుఖం, దాని క్రౌనూ పినియనూ వున్న గుండు ముందువైపునుంచి బోల్టులు విప్పితే మొత్తంగా బయటికొస్తుంది. అమెరికా మెకానిక్కులు ఆ గుండుని 'గుమ్మడికాయ' అంటారు! మన సినిమావాళ్ళకి గుమ్మడికాయ అంటే షూటింగు ఆఖరి రోజు. అక్కడివాళ్ళకి పందెం ముందురోజు. శుక్రవారం రాత్రి ఒక గుమ్మడికాయ దింపి ఇంకోటి ఎక్కించేవాళ్ళు.

ఎందుకంటారా? దాన్లోనే వుంది కిటుకంతా. కూపేలో వున్నది 4.11 పళ్ళ జోడీ. క్రౌనుకి 37 పళ్ళు, పినియనుకి 9. ముప్ఫైయేడుని తొమ్మిదితో భాగించి చూడండి. అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగుసార్ల పైగా తిరగాలి. మీ సైకిలుకి వెనక పెద్ద పళ్ళచక్రం వేయించుకుంటే ఏమవుతుంది? మిట్ట ఎక్కటం తేలిక, కానీ పల్లంలో కాళ్ళు గిరగిరా తిప్పినా బండి పెద్దగా సాగదు. ఇదీ అంతే. నిలబడ్డచోటునుంచి లేడిలా ఎగురుతుంది. అదే బండిమీద ఏ వంద మైళ్ళో హైవే ప్రయాణం చేశారా, ఇంజను గొంతు చించుకుంటుంది, పెట్రోలు తాగేస్తుంది. పావుమైలు పందానికి వచ్చిన గేరు పెళ్ళిప్రయాణానికి పనికిరాదు.

ఇంకా చిన్నచిన్న తలనొప్పులు కొన్ని. గేరు బాక్సు కొస, పినియను కొస సమాంతరంగా లేకపోతే వేగం పెరిగేకొద్దీ కాళ్ళకింద నేల జుమ్మంటుంది, జాయింట్లు అరిగిపోతాయి. 1932 ఫోర్డుకి బ్రేకులు కడ్డీలతో లాగేవి. ఆయిలు బ్రేకులు ఫోర్డు కారుకి 1939 మోడల్‌తో గానీ రాలేదు. ఇంత ఇంజను పెట్టి ఆ కడ్డీల్ని నమ్ముకుంటే యముణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నట్టే. అన్నట్టు, పాత ఫోర్డు చక్రానికి అయిదు బోల్టులు అయిదున్నర అంగుళాల వలయంమీద వుంటాయి. షెవర్లే ఇరుసుకి అవే అయిదు, నాలుగూ ముప్పావు అంగుళాల వలయంమీద. ముందూ వెనకా ఒకే కొలతకి తెచ్చుకోకపోతే స్టెప్నీ రెండు రకాలు మోసుకు తిరగాల్సిందే.

సినిమా పిచ్చివాళ్ళు తప్పులు పట్టటంలో మహా దిట్టలు కదా, వాళ్ళకొక కానుక. కథ 1962లో జరుగుతుంది. కూపేలో పెట్టింది 327 క్యూబిక్ అంగుళాల ఇంజను. ఆ సైజు 1962 మోడళ్ళలో వచ్చిన మాట నిజమే గానీ, ఈ కూపేలోది మాత్రం 1966లో తయారయింది. అంటే మిల్నరు కథాకాలానికి నాలుగేళ్ళ తరవాత పుట్టబోయే ఇంజనుతో తిరుగుతున్నాడన్నమాట! దానిమీద నాలుగు కార్బురేటర్లు. ఫాల్ఫా కారు సంగతి ఇంకా అన్యాయం. ఆ 1955 షెవర్లే అంతకు ముందే 1971లో 'టూ-లేన్ బ్లాక్‌టాప్' అనే ఇంకో చిత్రంలో నటించింది. దానికి తెచ్చిన కార్లనే నల్లరంగు పూసి ఇక్కడ దింపారు. అందులోని 454 ఇంజను 1970లో గానీ పుట్టలేదు. మన పౌరాణికంలో కృష్ణుడి చేతికి వాచీ వుండిపోయినట్టు. అయినా ఎవడికి పట్టింది? ఆ రెండు బళ్ళూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి గొంతు సవరించుకుంటూ వుంటే కేలండరు ఎవరు చూస్తారు?

ఇంత మెకానిజం చెప్పింది వూరికే కాదు. ఆ సినిమాలో నన్ను పట్టుకున్న సీను పోలీసు కారుది కాదు, పందెమూ కాదు. తుక్కు యార్డు సీను. మిల్నరు కారులో అనుకోకుండా కేరొల్ అనే పన్నెండేళ్ళ పిల్ల ఎక్కుతుంది. రాత్రంతా ఇద్దరికీ పడదు. దెబ్బలాడుకుంటూనే ఒకచోట దిగుతారు. చుట్టూ నుజ్జయిన కార్లు. ఏ కారులో ఎవరు పోయారో, ఎట్లా పోయారో వాడు ఆ పిల్లకి చెప్తూ నడుస్తాడు. గొంతు పెంచడు. పాటలేదు, కన్నీళ్ళు లేవు.

ఇప్పుడు ఆలోచించండి. మంచి ఇంజను ఎక్కడ దొరుకుతుందన్నాను? అక్కడే. ఇరుసు ఎక్కడ దొరుకుతుంది? అక్కడే. ఒకడి బండి ఆగిపోయినచోట ఇంకొకడి బండి మొదలవుతుంది. ఆ సంగతి మిల్నరు లాంటి కుర్రాళ్ళందరికీ తెలుసు. బోల్టులు విప్పుతున్నప్పుడు సీటుమీద మరక కనపడ్డా చూడనట్టు వూరుకుంటారు. లూకాస్ కి ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. ఆయనదీ మొడెస్టోనే. కుర్రతనంలో కారు పందాల పిచ్చి. 1962 జూన్‌లో, హైస్కూలు చదువు ముగియటానికి ఇంక కొద్ది రోజులుందనగా, తను ముచ్చటపడి మార్పులు చేసుకున్న చిన్న ఇటాలియన్ కారు ఇంకో కారు ఢీకొని పల్టీలు కొట్టి వాల్‌నట్ చెట్టుకి గుద్దుకుంది. నడుము బెల్టు తెగి బయటికి విసిరేసినట్టు పడ్డాడు. తెగబట్టే బతికాడు. పందాలు వదిలేసి తరవాత కెమెరా పట్టుకున్నాడు. కథని సరిగ్గా అదే సంవత్సరంలో ఎందుకు పెట్టాడో వేరే చెప్పాలా?

కేరొల్‌ని ఇంటి దగ్గర దింపుతూ మిల్నరు తన గేరు రాడ్డుమీది గుండీ విప్పి ఆ పిల్ల చేతిలో పెడతాడు. ఎన్నెన్ని విడిభాగాలో ఏరుకొచ్చి కూర్చుకున్న బండి అది. అందులోంచి వాడు ఒకళ్ళకి ఇచ్చిన ముక్క అదొక్కటే.

తెల్లవారుతుండగా వూరవతల రోడ్డుమీద పందెం. రెండు కార్లూ బయలుదేరతాయి. కొద్దిసేపటికి నల్ల షెవర్లే టైరు పేలి రోడ్డు దిగి పల్టీ కొడుతుంది, మంటలు లేస్తాయి. లోపలివాళ్ళిద్దరూ ఎట్లాగో బయటపడతారు. పసుపు కూపే గెలిచింది! జనం చప్పట్లు కొట్టబోతారు. సరిగ్గా అప్పుడు మిల్నరు తన స్నేహితుడు టెర్రీతో అంటాడు, వాడు నన్ను దాటేస్తున్నాడురా, నేను ఓడిపోయేవాణ్ణేనని. టెర్రీ ఒప్పుకోడు. నువ్వే గొప్ప, ఎప్పటికీ నువ్వే అని వాదిస్తాడు. వాడి మనసు నొప్పించలేక మిల్నరు సరేనంటాడు.

ఈ ముక్క మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. హీరో గెలిచి ఎందుకు నీరుగారిపోవాలి? తరవాత తట్టింది. తన చేత్తో బండి కట్టుకున్నవాడికి దాని హద్దు కిందకూర్చున్న క్షణంలోనే తెలుస్తుంది. 37 పళ్ళు, 9 పళ్ళు, ఇంజను ఎంత అరుస్తోంది, పక్కవాడి బంపరు ఎంత ముందుకొచ్చింది... ఇది జనానికి కనపడదు, వాడికి వినపడుతుంది. పాత ఫోర్డులో కొత్త గుండె పెట్టుకుని ఇన్నాళ్ళూ వూరికి మొనగాడయ్యాడు. ఇప్పుడు వాడి పక్కన ఇంకా పెద్ద గుండెతో ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. సినిమా చివర తెరమీద నాలుగు వాక్యాలు పడతాయి, నలుగురు కుర్రాళ్ళూ తరవాత ఏమయ్యారో. మిల్నరు 1964 డిసెంబరులో తాగి కారు నడిపినవాడెవడో గుద్దటంవల్ల పోయాడని వుంటుంది. పందెంలో కాదు. తుక్కు యార్డులో వాడు చెప్పుకుంటూ నడిచిన కథల్లో ఇంకోటి చేరింది.

ఇక కూపే సంగతి. సినిమా కోసం దాన్ని సుమారు 1,300 డాలర్లకి కొన్నారు. అప్పుడది ఎర్రరంగుది, పసుపు వేసింది సినిమావాళ్ళే. షూటింగు అయిపోయాక 1,500కి అమ్మచూపితే కొన్న నాథుడు లేడు. అందుకని స్టూడియోవాళ్ళ దగ్గరే పడివుంది. తరవాత 1979లో 'మోర్ అమెరికన్ గ్రాఫిటీ' తీసినప్పుడు దుమ్ము దులిపి మళ్ళీ దింపారు.